దవడలో గడ్డ: ఒక రిపోర్టు క్యాన్సర్ అంటోంది, ఇంకోటి కాదంటోంది. ఏది నమ్మాలి?

కొర్లగుంట సన్నాయి:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. నాకు 46 ఏళ్ళు. సన్నాయి వాయిస్తాను, పెళ్ళి మేళాలే నా బతుకు. ఇక్కడ పళ్ళ డాక్టర్లు కూడా జవాబులు రాస్తారని మా మేనల్లుడు చెబితే రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

కుడివైపు కింది దవడలో, దవడపళ్ళ వెనక, నాలుగేళ్ళ కిందట కొంచెం ఉబ్బినట్టు అనిపించింది. నొప్పి లేదు, చీము లేదు, జ్వరం లేదు. సన్నాయి ఊదేవాడికి బుగ్గ ఉబ్బితే ఎవరు పట్టించుకుంటారు? మా డోలు ఆయన "అన్నా, ఊదీ ఊదీ గాలి అక్కడే నిలబడిపోయింది" అని ఎగతాళి చేసేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఊదిన బుగ్గ మెత్తగా ఉంటుంది, ఇది రాయిలా ఉండేది. వేలితో నొక్కితే దిగేది కాదు. ఆ తేడా అప్పుడు బుర్రకెక్కలేదు.

పోయిన మాఘమాసం ముహూర్తాల్లో ఒక పెళ్ళి వీడియో చూసుకున్నాను. సన్నాయి పక్కన పెట్టి తాంబూలం అందుకుంటున్నాను. ఊదడమే లేదు. అయినా కుడి బుగ్గ ఎడమదానికి ఒకటిన్నర ఉంది. మా ఇంటావిడ ఆ వీడియో మూడుసార్లు వెనక్కి తిప్పి చూసి, మర్నాడే నన్ను బయల్దేరదీసింది.

మొదట చూపించిన చోట పిప్పిపన్ను అన్నారు. ఒక పన్ను పీకారు. గట్టి పన్ను, ముప్పావుగంట పట్టింది. గడ్డ మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది. రెండో చోట తల చుట్టూ మిషన్ తిప్పి తీసే ఎక్స్‌రే తీశారు, ఓపీజీ అంటారంట. అందులో ఎప్పుడో వయసులో రావాల్సిన జ్ఞానదంతం బయటికి రాకుండా దవడ అడుగున పడుకుని ఉంది. దాని నెత్తిన నల్లటి గుంత, ఆ గుంతలో అక్కడక్కడా ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు. మూడున్నర సెంటీమీటర్లు ఉంది అన్నారు. చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు.

రిపోర్టు వచ్చింది. స్క్వామస్ సెల్ కార్సినోమా అనుమానం అని రాశారు. దవడ సగం తీసేయాలి, మెడలో గ్రంథులు తీయాలి, తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టాలి అన్నారు. మా ఇంటావిడ ఆ కాగితం పట్టుకుని మెట్ల మీదే కూలబడింది. మా మేనల్లుడు మాత్రం ఊరుకోలేదు. ఆ ముక్క పెట్టిన గాజు పలకలూ, మైనం దిమ్మా అడిగి తీసుకుని ఇంకో పెద్ద చోట చూపించాడు. అక్కడ కాల్సిఫయింగ్ ఎపిథీలియల్ ఒడాంటోజెనిక్ ట్యూమర్, బినైన్ అని రాసి, కాంగో రెడ్ అనే పరీక్ష చేయించండి అన్నారు.

ఒకే ముక్క. ఒకరు క్యాన్సర్ అంటారు, ఇంకొకరు కాదంటారు. ఇదెట్లా కుదురుతుంది? కాదన్నది మనసుకు హాయిగా ఉంది కాబట్టి దాన్నే నమ్ముతున్నానేమో అని కూడా భయమేస్తోంది. వక్కాకు వేసే అలవాటు ఉంది, దాచను. రెండో సంగతి, ఎముక ఎంత తీసినా తీశారు, నేను మళ్ళీ సన్నాయి పట్టగలనా? సీవాళి (సన్నాయి కొనకు పెట్టి ఊదే పీక) ఆనేది కింది పెదవి మీదే. గమకం పలికేది ఆ పెదవి పట్టులోనే.

*

పీలేరు పెద్దాయన:

అబ్బాయ్, ఎముక సంగతి అంటున్నావు కాబట్టి ముందు పుత్తూరు పోయి ఎముకలు కట్టేవాళ్ళకు చూపించు. కత్తి పెట్టించుకోవద్దు. మా బావమరిది చెయ్యి రెండు చోట్ల విరిగితే ఆ కట్టుతోనే అతుక్కుంది.

*

కొర్లగుంట సన్నాయి:

పెద్దాయనా, మీరు చెప్పకముందే పోయొచ్చాను. తిరుపతివాడికి ఎముక అనగానే పుత్తూరే కదా గుర్తొచ్చేది. అక్కడ ఒక ముసలాయన దవడ తడిమి చూసి, "ఇది విరుగుడు కాదు నాయనా, లోపల ఏదో పెరుగుతోంది. కట్టుకు లొంగేది కాదు, ఫోటో తీయించుకో" అని పంపేశాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

*

గాజుపలక:

సన్నాయి గారూ, నేను దంతవైద్య కళాశాలలో ఓరల్ పెథాలజీ చెప్పి రిటైరయ్యాను. ముప్పై ఏళ్ళు మైక్రోస్కోపు కింద ఇలాంటి పలకలు చూడటమే నా పని. మీ పలక నేను చూడలేదు కాబట్టి ఇదీ అని తేల్చి చెప్పను. కానీ ఒకే ముక్కకు రెండు రిపోర్టులు ఎందుకు వస్తాయో చెప్పగలను, ఎందుకంటే ఈ గడ్డ దగ్గర ఆ పొరపాటు పాతదే.

దీన్ని పిండ్‌బోర్గ్ ట్యూమర్ అని కూడా అంటారు. డెన్మార్క్‌కు చెందిన జెన్స్ పిండ్‌బోర్గ్ 1955లో ఇది వేరే గడ్డ అని విడదీసి చూపించాడు. అంతకుముందు దీన్ని అమీలోబ్లాస్టోమా అనే ఇంకో దవడ గడ్డలో ఒక రకమనో, ఇంకోటనో రాసేవాళ్ళు. పంటి కణాల నుంచి పుట్టే గడ్డలు నూరు చూస్తే ఇది ఒకటి ఉంటుంది, అంతే. ఎక్కువగా కింది దవడలో, దవడపళ్ళ దగ్గర, నడివయసు వాళ్ళకు వస్తుంది. సగం మందిలో బయటికి రాని పన్ను ఒకటి దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. మీరు చెప్పిన ఓపీజీ అచ్చం ఇలాగే ఉంది. ఆ తెల్లచుక్కలను ఇంగ్లీషు పుస్తకాల్లో గాలికి కొట్టుకొచ్చిన మంచుతో పోలుస్తారు. తిరుపతిలో మంచు ఎక్కడిది, మీ ముగ్గుపిండే నాకు నచ్చింది. ఇన్నేళ్ళు పిల్లలకు పాఠం చెబుతూ ఆ మాట నాకెందుకు తట్టలేదో.

ఇక పలక మీద. ఈ గడ్డ చూడటానికి పోకిరి, నడతకు సాధువు. కణాలు పెద్దపెద్దవి, పలకలు పలకలుగా పరుచుకుని ఉంటాయి. వాటి కేంద్రకాలు ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఒకటి నల్లగా, ఒక్కోదాంట్లో రెండేసి. కణానికీ కణానికీ మధ్య సన్నటి వంతెనలు. ఇవన్నీ స్క్వామస్ సెల్ కార్సినోమాలోనూ కనిపించేవే. అనుభవం లేని కన్ను అక్కడే ఆగిపోతుంది. కానీ ఇంత వికారంగా ఉన్న కణాలు క్యాన్సర్‌వే అయితే, రెండుగా చీలుతున్న కణాలు పలక మీద చాలా కనబడాలి. పిండ్‌బోర్గ్ గడ్డలో అవి వెతికినా దొరకడం కష్టం. దానికి తోడు కణాల మధ్య గాజులాంటి గులాబీ పదార్థం ఉంటుంది, అమిలాయిడ్ అంటాం. అందులో సున్నం పేరుకుని ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు వలయాలు వలయాలుగా కనబడుతుంది.

కాంగో రెడ్ చేయించమన్నది ఆ గులాబీ పదార్థం కోసమే. ఆ రంగు వేస్తే అమిలాయిడ్ ఎర్రగా పట్టుకుంటుంది. పోలరైజ్డ్ వెలుగులో చూస్తే ఆకుపచ్చ యాపిల్ రంగులో మెరుస్తుంది. రాత్రి ఎవరూ లేని ల్యాబులో ఆ పచ్చ మెరుపు మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, అది వేరే సంగతి. ఒక్క మాట. అమిలాయిడ్ అని ఫోనులో వెతికి గుండెకూ, కిడ్నీలకూ వచ్చే జబ్బు అనుకుని బెంగ పెట్టుకోకండి. ఇది ఈ గడ్డలోని కణాలు అక్కడికక్కడే తయారుచేసుకున్న ప్రోటీను. ఒళ్ళంతా పాకేది కాదు.

మొదటివాళ్ళు ఎందుకు పొరబడి ఉంటారు? కోసిన ముక్క చిన్నది. అందులో కణాలు మాత్రమే వచ్చి, సున్నం వలయాలు రాకపోతే ఎవరైనా తడబడతారు. కాగితం మీద "వక్కాకు అలవాటు ఉంది" అని రాసి ఉంటుంది, అది చదివిన కన్ను క్యాన్సర్ కోసమే వెతుకుతుంది. ముక్కతో పాటు ఎక్స్‌రే పంపారో లేదో కనుక్కోండి. ఎక్స్‌రే చూడకుండా దవడ ఎముక ముక్క చదవడమంటే శ్రుతి పెట్టుకోకుండా కచేరీకి కూర్చోవడమే.

మీ కథలో నాకు ధైర్యం ఇచ్చేది పలక కంటే మీరు రాసిన చిన్న సంగతులే. నాలుగేళ్ళు మెల్లగా పెరిగింది. పీకిన పన్ను కదలకుండా గట్టిగా ఉంది. ఒకటి మాత్రం మీరు రాయలేదు: కింది పెదవి కుడివైపు తిమ్మిరిగా, మొద్దుబారినట్టు ఉందా? పుండు పడిందా? మెడలో బిళ్ళలు తగులుతున్నాయా? దవడలో క్యాన్సర్ పుడితే నరాన్ని తినేసి పెదవిని మొద్దుబార్చడం మామూలు. ఇలాంటి బినైన్ గడ్డ నరాన్ని పక్కకు నెడుతుంది.

ఇక వక్కాకు. ఈ గడ్డకు దానికీ సంబంధం లేదు, కానీ అలవాటు మానండి. ఆ పిండ్‌బోర్గే మన దేశానికి వచ్చి వక్క నమిలేవాళ్ళ నోళ్ళు పరీక్షించాడు. నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ మీద 1966లో సత్యవతి సిర్సాట్ అనే మన శాస్త్రవేత్తతో కలిసి రాసిన వ్యాసం ఇప్పటికీ మా పిల్లలు చదువుతారు. నోరు తెరుచుకోకపోతే సన్నాయి సంగతి అటుంచండి, ముద్ద కూడా పట్టదు.

*

కొర్లగుంట సన్నాయి:

అమ్మా, ఈ జవాబు మా ఇంటావిడకు రెండుసార్లు చదివి వినిపించాను. పెదవికి తిమ్మిరి లేదు. సీవాళి పెదవి మీద ఎక్కడ ఎంత తడిగా ఉందో కూడా తెలుస్తుంది నాకు, తిమ్మిరి ఉంటే మొదటి రోజే పట్టేసేవాణ్ణి. పుండు లేదు. మెడలో బిళ్ళలు లేవన్నారు. ఎక్స్‌రే సంగతి కనుక్కున్నాను. మొదటిచోటికి ముక్క మాత్రమే పోయింది, ఓపీజీ కవరు మా ఇంట్లో బీరువా మీదే ఉండిపోయింది. తీసుకెళ్ళమని ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

*

మిట్టూరు టీచర్:

అన్నా, నాది చిత్తూరు, మిట్టూరు. నాది పిండ్‌బోర్గ్ కాదు, అమీలోబ్లాస్టోమా. అదీ బినైనే, కానీ మొండిది. 2016లో మొదటిసారి గీకి తీశారు, "శుభ్రంగా వచ్చేసింది" అన్నారు. మూడేళ్ళకు అక్కడే మళ్ళీ వచ్చింది. రెండోసారి చుట్టూ మంచి ఎముకతో సహా దవడ ముక్క తీసి, కాలిలోని సన్న ఎముక తెచ్చి అతికారు. పది గంటల ఆపరేషన్. ఇప్పుడు నడుస్తాను, జొన్నరొట్టె తింటాను, క్లాసులో అరుస్తాను.

బినైన్ అనే మాట విని "కాస్త గీకితే చాలదా" అని మీరు అడుగుతారు, అడగాలనిపిస్తుంది, నేనూ అదే అడిగాను. మీ గడ్డకు ఎంత తీయాలో మేడమ్ చెబుతారు. నేను చెప్పేది పెదవి గురించి. ఇది డాక్టర్లు ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకెళ్ళిపోతారు.

నా నరం గడ్డతో పాటు పోయింది. కుడివైపు కింది పెదవి, గడ్డం మొద్దు. కదలిక ఉంది, ఈల వేయగలను. తెలియడం లేదు, అంతే. మెతుకు అంటుకుంటే తెలియదు, మా ఆవిడ ఎదురుగా కూర్చుని తన పెదవి తుడుచుకుంటే నేను నాది తుడుచుకుంటాను. కాఫీ లోటా అంచు సగం ఉన్నట్టు, సగం లేనట్టు ఉంటుంది. గెడ్డం గీసుకుంటే రక్తం అద్దంలో చూసి తెలుసుకోవాలి. టీచరుకు ఇది సర్దుకుపోయేదే. మీకు పెదవే చెయ్యి. కాబట్టి సర్జన్ దగ్గర ముందు ఈ మాటే ఎత్తండి, ఎముక మాట తర్వాత.

*

గాజుపలక:

టీచరు గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు. కొంచెం విడమరిచి చెబుతాను. పెదవి కదిలించే నరం వేరు, పెదవికి స్పర్శ ఇచ్చే నరం వేరు. స్పర్శ నరం కింది దవడ ఎముక లోపల సొరంగంలాంటి దారిలో వచ్చి, ముందు దవడపళ్ళ వేర్ల కింద చిన్న రంధ్రంలోంచి బయటపడి పెదవికి చేరుతుంది. సన్నాయి గారి గడ్డ సరిగ్గా ఆ దారి పక్కనే కాపురం పెట్టింది. కాబట్టి సీబీసీటీ అనే స్కాను తీయించుకోండి. అందులో నరం గడ్డకు ఎటువైపు ఉందో, మధ్యలో ఎముక పొర మిగిలిందో లేదో కనబడుతుంది.

ఎంత తీయాలన్నది: పిండ్‌బోర్గ్ గడ్డ అమీలోబ్లాస్టోమా అంత దూకుడుది కాదు. చిన్నదైతే గడ్డనూ, చుట్టూ కాస్త ఎముకనూ తీస్తారు. పెద్దదైతే అటూ ఇటూ సుమారు ఒక సెంటీమీటరు మంచి ఎముక కలుపుకుని తీస్తారు. దవడ కింది అంచు బాగుంటే దాన్ని నిలబెట్టవచ్చు. అప్పుడు కాలి ఎముక అవసరం రాదు. మెడ గ్రంథులు తీయడం, కరెంటు పెట్టడం ఈ గడ్డకు లేవు. మళ్ళీ వచ్చే అవకాశం నూటికి పది, పదిహేను మందిలో ఉంటుంది, అదీ సరిగ్గా తీయకపోతేనే ఎక్కువ. క్లియర్ సెల్ రకం అని రిపోర్టులో ఉందా చూడండి, ఆ రకం కొంచెం ఎక్కువ తిరగబెడుతుంది. క్యాన్సర్‌గా మారినవి మరీ మరీ అరుదు. కానీ ఏడాదికోసారి ఎక్స్‌రే, కనీసం 5 ఏళ్ళు, కుదిరితే 10 ఏళ్ళు. పండుగకు కొత్త బట్టలు తీసినట్టు ఒక తారీఖు పెట్టుకోండి, లేకపోతే మరిచిపోతారు.

*

మేనత్త కోడలు:

మా ఇంట్లో ఒకరికి దవడ ఆపరేషన్ ఇక్కడి రుయా ఆసుపత్రిలో జరిగింది, అందుకే రాస్తున్నా. ఆరోగ్యశ్రీ పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఆసుపత్రిలో ఆ పథకం కౌంటరు ఉంటుంది, డాక్టరు కంటే ముందు అక్కడ కూర్చోండి అన్నయ్యా. మీ ఆపరేషన్ పేరు ఏ కోడు కింద వస్తుందో వాళ్ళే చూసి చెబుతారు. రేషన్ కార్డులో పేరూ, ఆధార్‌లో పేరూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. మాకు ఒక్క "ఎస్" అక్షరానికి నాలుగు రోజులు పోయాయి.

*

కొర్లగుంట సన్నాయి:

చాలా రోజులైంది. అందరూ అడిగారు కాబట్టి జరిగింది రాస్తున్నాను.

కాంగో రెడ్ పచ్చగా మెరిసింది. ఆ డాక్టరును బతిమాలి నేనూ కంటద్దంలో చూశాను. గాజుపలక అమ్మ చెప్పినట్టే ఉంది, మామిడి లేతాకు మీద ఎండ పడినట్టు. నా దవడలో నాలుగేళ్ళుగా అది దాక్కుని ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. క్లియర్ సెల్ రకం కాదన్నారు.

స్కానులో నరం గడ్డ అడుగుకు జరిగి, సన్నటి ఎముక పొర అవతల ఉంది. సర్జన్ దగ్గర టీచరన్న చెప్పినట్టు ముందు పెదవి మాటే ఎత్తాను. జేబులోంచి సీవాళి తీసి చూపించాను. ఆయన తమిళం వాడు, చూడగానే "తిరువావడుదురైదా?" అని అడిగాడు. అవునన్నాను. సీవాళీలు చేసే ఊరు అది. ఇక నా భయం ఆయనకు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. "నరం విడదీసి పక్కకు పెట్టడానికి చూస్తాను. లోపల గడ్డ దానికి అంటుకుని ఉంటే మాత్రం గడ్డే ముఖ్యం, నరం కాదు. దీనికి మీరు ఒప్పుకోవాలి" అన్నాడు. సంతకం పెట్టాను.

ఆషాఢంలో చేయించుకున్నాను, ముహూర్తాలు ఉండవు కాబట్టి. కింది అంచు నిలబెట్టారు, దానికి ప్లేటు బిగించారు. నరం మిగిలింది, కానీ బాగా లాగాల్సి వచ్చిందంట. లేచేసరికి పెదవి కుడివైపు దబ్బనంతో పొడిచినా తెలియనట్టు ఉంది. నరం తెగలేదు కాబట్టి నెలల మీద రావచ్చు అన్నారు. తీసిన గడ్డ మొత్తాన్నీ మళ్ళీ పరీక్షించారు, అదే పేరు వచ్చింది. అంచులు శుభ్రంగా ఉన్నాయని రాశారు.

శ్రావణం ముహూర్తాలు మొత్తం పోయాయి. మా తమ్ముడి కొడుకు వాయించాడు, నేను వెనక కూర్చుని తాళం వేశాను. మూడో నెలలో పెదవి మీద చీమలు పాకినట్టు మొదలైంది. అది మంచి గుర్తే అన్నారు. నాలుగో నెలలో డాక్టరు ఒప్పుకున్నాక సన్నాయి లేకుండా సీవాళి ఒక్కటే పెట్టుకుని ఊదాను. బాతు అరిచినట్టు వచ్చింది. మా ఇంటావిడ వంటింట్లోంచి "ఎవరా వచ్చింది?" అంది. ఇప్పుడు రోజూ తెల్లవారుజామున మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, చిన్నప్పుడు పాఠశాలలో మొదలుపెట్టిన చోటినుంచే. కింది షడ్జం నిలబడుతోంది. పై స్థాయికి పోతే పెదవి కుడివైపునుంచి గాలి జారిపోతోంది.

*

మిట్టూరు టీచర్:

అన్నా, గాలి జారేది పైస్థాయిలోనేనా, లేక అలసిపోయినప్పుడు కిందా జారుతోందా? నాకు సాయంత్రమయ్యేసరికి మాట కూడా కొంచెం ముద్దగా వచ్చేది, ఏడాది పట్టింది.

*

కొర్లగుంట సన్నాయి:

అరగంట దాటితే కిందా జారుతోంది టీచరన్నా. అందుకే ఇరవై నిమిషాలకు ఆపేస్తున్నా. మా డోలు ఆయన పక్కన గడియారం పెట్టుకుని కూర్చుంటున్నాడు. ఆ జ్ఞానదంతం సీసాలో వేసి ఇచ్చారు, దాన్ని కూడా ఆయనే పట్టుకుపోయి డోలు పెట్టెలో పెట్టుకున్నాడు. ఎందుకయ్యా అంటే, "నాలుగేళ్ళు గాలి అని నవ్వింది నేనే కదన్నా" అన్నాడు.